చేను కాచు కుక్కపిల్లకు ఏమి పెట్టవలెను? ఎంత పెట్టవలెను?



పాడిగేదెకు ఎంత దాణా పెట్టవలెనో, దుక్కిటెద్దుకు ఎంత చొప్ప వేయవలెనో మనలో చాలమందికి తెలియును. కాని చేనిగట్టున, గొర్రెల దొడ్డివద్ద, ఇంటిముంగిట రాత్రంతయు మేల్కొని కాపలా కాయు కుక్కకు ఏమి పెట్టవలెనని ఆలోచించువారు అరుదు. మిగిలిన అన్నము, వంచిన గంజి, పులిసిన అంబలి దాని పాలు. పెరిగిన కుక్క ఊరు తిరిగి ఎట్లో కడుపు నింపుకొనును. రెండు మూడు నెలల పిల్ల అట్లు చేయలేదు. మనము పెట్టినదే దానికి ఆధారము.

దొంతన్‌పల్లి, శంకర్‌పల్లి, మొయినాబాదు, చేవెళ్ళ ప్రాంతములలో కూరగాయలు, పూలతోటలు, మొక్కజొన్న, జొన్న, ప్రత్తి పండించు రైతులు కలరు. గొర్రెలు, మేకలు పెంచువారును కలరు. అడవిపందులు, కోతులు పైర్లకు చేయు నష్టము మీకు నేను చెప్పనక్కరలేదు. ఇట్టిచోట చురుకైన కుక్క ఒకటి ఉన్నచో రైతుకు ఎంతో మేలు. కాని వంకర కాళ్ళతో, ఉబ్బిన పొట్టతో, ఊడిన వెంట్రుకలతో పెరిగిన కుక్క పందిని తరుమలేదు, మందను కాయలేదు. పైపెచ్చు అది ఇంటిపిల్లలకు, గొర్రెలకు రోగములను అంటించవచ్చును. అందుచేత కుక్కపిల్లకు తిండి పెట్టుట దయకు మాత్రమే సంబంధించిన పని కాదు. వ్యవసాయపు పనులలో అదియు ఒకటి.

కడుపు నిండుట వేరు, ఒళ్ళు పెరుగుట వేరు

పొట్ట గుండ్రముగా నున్న పిల్లను చూచి “బాగుగా తినుచున్నది” అని సంతోషించుట మన వాడుక. ఇది పొరపాటు. ప్రక్కటెముకలు బయటపడి, వెన్నుపూస తేలి, పొట్ట మాత్రము కుండవలె నున్నచో అది పుష్టి కాదు. కడుపులో నట్టలు ఉన్నవనియో, నీళ్ళగంజితో కడుపు నిండినదే గాని బలము చేరలేదనియో అది తెలుపును. రెండును కలిసియే ఉండుట తరచు చూచుచున్నాము.

ఒక చిన్న లెక్క చూడుడు. మన ఊరికుక్కల జాతి పిల్ల మూడు నెలల వయస్సులో సుమారు 6 కిలోల బరువు తూగును. ఆ వయస్సులో దానికి రోజుకు సుమారు 800 కేలరీల శక్తి, 45 గ్రాముల మాంసకృత్తులు కావలెను. పలుచని జొన్నగంజిలో పిండి పదవ వంతు మాత్రమే, తక్కినదంతయు నీరు. 100 మిల్లీలీటర్ల గంజిలో 35 కేలరీలకు మించవు. కేవలము గంజితోనే దాని అవసరము తీరవలెనన్నచో రోజుకు రెండు లీటర్లకు పైగా త్రాగవలెను. ఆరు కిలోల పిల్లకు అది సాధ్యమగునా? ఒకవేళ త్రాగినను, అందలి మాంసకృత్తులు అవసరములో సగమే. అవియును కండ పెంచుటకు తగినంత నాణ్యము కలవి కావు.

దీని అర్థము జొన్న, బియ్యము కుక్కకు పనికిరావని కాదు. వేలాది సంవత్సరములుగా మనుష్యుని చెంత బ్రతికిన కుక్కకు, తోడేలుకు లేని ఒక శక్తి అలవడినది. పిండిపదార్థమును అరిగించు రసమునకు ఆధారమైన జన్యువు కుక్కలో అనేక ప్రతులుగా పెరిగినదని 2013లో స్వీడను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. కనుక మెత్తగా ఉడికిన గట్క, నూకల అన్నము కుక్క చక్కగా అరిగించుకొనగలదు. అయితే గట్క గట్టిగా ఉండవలెను. దానికి తోడుగా మాంసకృత్తులు, కొంత క్రొవ్వు, ఖనిజములు చేరవలెను. పొలమునకు నత్రజని, భాస్వరము, పొటాషు తగుపాళ్ళలో వేయుట ఎట్లో ఇదియు అట్లే.

తల్లిని విడిపించుట ఎప్పుడు?

పిల్లను ఎనిమిది వారములు నిండకముందు తల్లినుండి వేరు చేయరాదు. మూడవ నాలుగవ వారమునుండి మెత్తని తిండిని కొద్దికొద్దిగా నాకించి అలవాటు చేయవచ్చును. తల్లి పాలలో మాంసకృత్తులు సుమారు 7 శాతము, క్రొవ్వు సుమారు 9 శాతము ఉండును. ఆవుపాలలో మాంసకృత్తులు 3 శాతమునకు కొంచెము పైన, క్రొవ్వు 4 శాతము మాత్రమే. గేదెపాలలో క్రొవ్వు ఎక్కువే గాని మాంసకృత్తులు తల్లిపాలలో సగమే. అందుచేత “రోజూ పాలు పోయుచున్నాము గదా” అని తృప్తిపడరాదు. పాలు తిండిలో ఒక భాగమే. కొన్ని పిల్లలకు పచ్చిపాలు విరేచనములు కలిగించును. అట్టివాటికి పెరుగు, చిక్కని చల్ల మంచివి.

బరువు తూచుట, చేతితో చూచుట

ఎరువు వేసిన పిదప పైరు ఎట్లున్నదో చూచినట్లే, తిండి పెట్టిన పిదప పిల్ల ఎట్లు పెరుగుచున్నదో చూడవలెను. దీనికి పెద్ద సాధనములు అక్కరలేదు. ప్రత్తి తూచు కాంటాకు గోనెసంచిని ఊయలవలె కట్టి పిల్లను అందులో కూర్చుండబెట్టి తూచవచ్చును. లేదా మీరు పిల్లను ఎత్తుకొని బరువు యంత్రముపై నిలబడి, తరువాత మీ బరువు తీసివేయవచ్చును. వారమునకు ఒకసారి, ఒకే వేళలో, తిండికి ముందు తూచి గోడపైని క్యాలెండరులో వ్రాసికొనుడు.

పెరిగిన పిదప 16 నుండి 18 కిలోలు తూగు ఊరికుక్క పిల్ల రెండు నెలలకు సుమారు 3 నుండి 4 కిలోలు, మూడు నెలలకు 5 నుండి 6, నాలుగు నెలలకు 8, ఆరు నెలలకు 11 నుండి 12 కిలోలు ఉండును. ఇవి ఉజ్జాయింపు అంకెలు. ఆడపిల్లలు కొంచెము తక్కువ తూగును. అంకె కంటె ముఖ్యమైనది ఏమనగా, బరువు ప్రతివారము పెరుగుచుండవలెను. రెండు వారములు వరుసగా పెరుగకున్నచో ఏదియో లోపమున్నదని తెలిసికొనవలెను.

బరువుతోపాటు చేతిపరీక్ష కూడ చేయుడు. మీ అరచేతిని నేలవైపు త్రిప్పి చాచి, రెండవ చేతి వ్రేళ్ళతో పైనున్న కణుపులను తడిమి చూడుడు. ఎముక తగులును, కాని దానిపై పలుచని పొర ఉండును. పిల్ల ప్రక్కటెముకలు సరిగా అట్లే తగులవలెను. పిడికిలి బిగించినప్పుడు కణుపులు ఎట్లు పొడుచుకొని యుండునో అట్లున్నచో పిల్ల బక్కగా నున్నది. నొక్కినను ఎముక తగులకున్నచో క్రొవ్వు ఎక్కినది. పైనుండి చూచినప్పుడు నడుము కొంచెము సన్నముగా, ప్రక్కనుండి చూచినప్పుడు పొట్ట వెనుకవైపునకు కొంచెము ఎగసి ఉండవలెను. ముధోల్ వంటి వేటజాతులు పుట్టుకతోనే సన్ననివి. వాటికి ప్రక్కటెముకలు కొద్దిగా కనబడినను లోపము కాదు.

రోజువారీ తిండి పాళ్ళు

మూడు నెలల వయస్సు, 6 కిలోల బరువు గల పిల్లకు ఒకరోజునకు ఈ క్రింది పాళ్ళు సరిపోవును. తూకములన్నియు వండకముందు చూచినవి.

జొన్నపిండి, రాగిపిండి లేక నూకలు 100 గ్రాములు, పెసరపప్పు లేక కందిపప్పు 20 గ్రాములు, కోడిగుడ్లు 2, ఎముక తీసిన కోడిమాంసము, కందనకాయ, గుండె వంటివి 100 గ్రాములు, పెరుగు 100 గ్రాములు, మంచినూనె ఒక చెంచా, ఉడికించిన క్యారెట్టు లేక గుమ్మడి ఒక పిడికెడు, గుడ్డుపెంకు పొడి ఒక చదును చెంచా, అయోడిను కలిసిన ఉప్పు ఒక చిటికెడు.

గట్క, పప్పు మెత్తగా ఉడికించి, మాంసము, గుడ్లు కూడ ఉడికించి చిదిమి కలుపవలెను. పెరుగు, పెంకుపొడి చల్లారిన పిదప కలుపుడు. కారము, మసాలా, పులుసు వేయరాదు. తిండి మీగడపెరుగువలె మెత్తగా ఉండవలెను గాని, గిన్నె వంచినచో నీరువలె పారరాదు.

రెండు నెలల వయస్సు, 3 కిలోల బరువు గల పిల్లకు పై పాళ్ళలో మూడువంతులకు రెండు వంతుల కంటె కొంచెము తక్కువ చాలును. అనగా పిండి 60 గ్రాములు, గుడ్డు ఒకటి, మాంసము 60 గ్రాములు, ఆ లెక్కన తక్కినవి. నాలుగు నెలలు దాటిన పిమ్మట బరువు పెరుగుచుండినను తిండి అదే లెక్కన పెంచనక్కరలేదు. 9 కిలోల పిల్లకును, ఆరు నెలల 12 కిలోల పిల్లకును పై పాళ్ళకు ఎనిమిదవ వంతు చేర్చిన చాలును. వయస్సు పెరిగినకొలది కిలో బరువునకు కావలసిన శక్తి తగ్గుచుండుటయే దీనికి కారణము. ఈ సంగతి తెలియక చాలమంది పిల్లను క్రొవ్వించెదరు.

రెండు నెలలనుండి నాలుగు నెలలవరకు రోజుకు నాలుగుసార్లు, ఆరు నెలలవరకు మూడుసార్లు, అటుపిమ్మట రెండుసార్లు పెట్టవలెను. పావుగంటలో తినగా మిగిలినది తీసివేయుడు. ఎండలో పులిసిన తిండి విరేచనములకు మూలము. మంచినీరు మాత్రము ఎల్లవేళల అందుబాటులో ఉండవలెను.

మాంసము వండని ఇండ్లలో దానికి బదులుగా మరియొక గుడ్డు, ఇంకొక 20 గ్రాముల పప్పు, ఇంకొక 150 గ్రాముల పెరుగు చేర్చి, పిండిని 30 గ్రాములు తగ్గించవచ్చును. కొల్లేటి ప్రాంతమున జోనంగి అను కుక్కజాతి చేపలు తిని పెరిగినది. మనకు చేపలు దొరకినప్పుడు ముండ్లు తీసి ఉడికించి పెట్టుట మంచిదే. ఎండుచేపలలో ఉప్పు మెండు; వాటిని నానబెట్టి, ఆ నీరు పారబోసి, కొద్దిగా మాత్రమే వాడవలెను. ఏ ప్రాంతమున ఏది చౌకగా దొరకునో దానినే పాళ్ళు తప్పకుండ వాడుట తెలివి.

ఇదంతయు ఖర్చుతో కూడిన పని అని కొందరు అనవచ్చును. కోడిమాంసపు దుకాణములలో కందనకాయలు, గుండెలు, మెడలు తక్కువ ధరకు దొరకును. కోళ్ళషెడ్లలో పెంకు చిట్లిన గుడ్లు చౌకగా ఇచ్చెదరు. అవి తాజావై, బాగుగా ఉడికించినవైనచో వాడవచ్చును. పిల్లకు ఈ తిండి పెట్టవలసినది పది నెలలు మాత్రమే. ఆ పది నెలలలో కట్టిన ఒళ్ళే దానికి పదేండ్లు పనిచేయును.

ఎముక బలము

కేవలము గంజి పోయుట ఒక తప్పు అయినచో, కేవలము మాంసము పెట్టుట మరియొక తప్పు. ఎముక గట్టిపడుటకు కాల్షియము, భాస్వరము రెండును కావలెను. పెరుగు పిల్లకు ఇవి ఇంచుమించు సమపాళ్ళలో, కాల్షియము కొంచెము ఎక్కువగా ఉండవలెను. ఎముకలేని మాంసములో కాల్షియము ఒక పాలు ఉన్నచో భాస్వరము 15 నుండి 20 పాళ్ళు ఉండును. మాంసమే తిను పిల్ల రక్తమునకు కావలసిన కాల్షియమును తన ఎముకలనుండియే తీసికొనును. అప్పుడు ఎముకలు పలుచనై, కాళ్ళు వంకరపోయి, చిన్నదెబ్బకే విరుగును.

దీనికి మన ఇంటిలోనే మందు కలదు. గుడ్డుపెంకులను కడిగి, పది నిమిషములు నీటిలో మరిగించి, ఎండబెట్టి, పెనముపై వేడిచేసి, మెత్తగా దంచి వస్త్రగాళితము పట్టుడు. ఒక పెంకు పొడి సుమారు 5 గ్రాములు తూగును. అందులో సుమారు 2 గ్రాముల కాల్షియము ఉండును. పైన చెప్పిన చదును చెంచా ఈ పొడియే. రెండు నెలల పిల్లకు ముప్పావు చెంచా చాలును.

ఎండలో ఆడిన పిల్లలకు ఎముకలు బలపడునని మనుష్యుల విషయమున చెప్పుట నిజమే. కుక్కకు ఈ మాట చెల్లదు. దాని చర్మము ఎండ సహాయముతో డి విటమినును కావలసినంత తయారు చేయలేదు. తిండినుండియే అది రావలెను. గుడ్డు సొన, చేప, కార్జములలో ఈ విటమిను ఉండును. కార్జము మంచిదేయైనను వారమునకు రెండుసార్లకు మించి, ఒక్కసారికి 30 గ్రాములకు మించి పెట్టరాదు. ఎక్కువైనచో ఎ విటమిను మితిమీరి ఎముకలకే కీడు చేయును.

పొట్లములలో అమ్ము కుక్కపిల్లల తిండి కొని పెట్టువారు, ఆ పొట్లముపై అది పెరుగు పిల్లలకు సంపూర్ణాహారమని ఉన్నదో లేదో చూచుకొనవలెను. అట్టి తిండిలో కాల్షియము చేరియే ఉండును. దానిపై పెంకుపొడిగాని, కాల్షియము టానిక్కుగాని చేర్చరాదు. ఆరు నెలలలోపు పిల్ల పేగులు అక్కరలేని కాల్షియమును త్రోసివేయలేవు. ఎక్కువైన కాల్షియము కీళ్ళను, ఎముకల పెరుగుదలను చెడగొట్టును.

నట్టలు తిండిని దోచుకొనును

ఎంత మంచి తిండి పెట్టినను కడుపులో నట్టలున్నచో పిల్ల బాగుపడదు. గుండ్రని ఏలికపాములు తల్లి గర్భములోనే పిల్లకు చేరును. పాలద్వారా కూడ వచ్చును. కొక్కిపురుగులు పేగుగోడను పట్టుకొని రక్తము పీల్చును. పిల్ల చిగుళ్ళు ఎర్రగా లేక తెల్లగా పాలిపోయి ఉన్నచో వీటిని అనుమానించవలెను. పిల్లకు రెండు వారముల వయస్సునుండి ఎనిమిది వారములవరకు రెండు వారములకు ఒకసారి, అటుపిమ్మట ఆరు నెలలవరకు నెలకు ఒకసారి నట్టల మందు పశువైద్యుడు చెప్పిన మోతాదులో త్రాగించవలెను. గొర్రెలకు తెచ్చిన మందును అంచనాగా పోయరాదు. పిల్లను తూచి మోతాదు కట్టవలెను.

ఏలికపాముల గ్రుడ్లు కుక్క మలముతో నేలలో చేరి, మట్టిలో ఆడు పిల్లల నోటిలోనికి పోయి వారి కన్నులకు, కార్జమునకు హాని చేయవచ్చును. కనుక మలమును పూడ్చుడు. పిల్లల చేతులు సబ్బుతో కడిగించుడు.

గోమార్లు కూడ పిల్ల రక్తము త్రాగి బలహీనపరచును. వాటిని చంపుటకు ప్రత్తిచేనికి కొట్టు మందును కుక్కకు పూయుట మహాప్రమాదము. పిల్ల ఒళ్ళు నాకుకొనును; విషము నేరుగా కడుపులోనికి పోవును. కుక్కలకు తగిన మందును పశువైద్యశాలనుండియే తేవలెను.

పచ్చి గొర్రె తల, ఊపిరితిత్తులు వేయరాదు

గొర్రెల కాపరులు ఈ మాట ప్రత్యేకముగా గమనింపవలెను. మందలో ఒక గొర్రె తల ప్రక్కకు వంచి, గుండ్రముగా తిరిగి తిరిగి పడిపోవుట మీరు చూచియే యుందురు. దాని మెదడులో నీటితిత్తి ఏర్పడి యుండును. అట్టి గొర్రె తలను పగులగొట్టి కుక్కకు వేసినచో ఆ తిత్తిలోని పురుగులు కుక్క పేగులో బద్దెపురుగులుగా పెరుగును. వాటి గ్రుడ్లు మలముతో గడ్డిపై పడును. ఆ గడ్డి మేసిన మరికొన్ని గొర్రెలకు మెదడులో తిత్తులు ఏర్పడును. ఇట్లు మందకు కావలి కాయు కుక్కయే మందకు రోగము పంచును.

ఊపిరితిత్తులలో, కార్జములో నీటితిత్తులు కలిగించు మరియొక బద్దెపురుగు కలదు. అది మనుష్యుల కార్జములోను, ఊపిరితిత్తులలోను కూడ తిత్తులు పెంచును; వాటికి శస్త్రచికిత్స చేయవలసి వచ్చును. తిత్తులున్న భాగములను కాల్చివేయుడు, లేదా కుక్కలు త్రవ్వలేనంత లోతుగా పూడ్చుడు. మంచి భాగములను బాగుగా ఉడికించియే కుక్కకు పెట్టుడు. మందతో తిరుగు కుక్కకు బద్దెపురుగుల మందు వేరుగా కలదు. దానిని పశువైద్యుని అడిగి వేయించుడు.

బూజు పట్టినది, ఉల్లి, ద్రాక్ష, ఎముకలు

మనుష్యులకు పనికిరాని బూజు పట్టిన మొక్కజొన్న, పల్లీలు, పల్లిచెక్క కుక్కకు వేయుట కొందరి అలవాటు. 1974లో రాజస్థానులోని బాన్స్‌వాడా, గుజరాతులోని పంచమహల్ జిల్లాలలో అకాల వర్షములకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిని అనేక గ్రామములవారు కామెర్లు, పొట్టలో నీరు చేరు జబ్బు పాలైరి. నూరుమందికి పైగా చనిపోయిరి. ఆ ఇండ్లలో అదే తిండి తిన్న కుక్కలును అదే జబ్బుతో చనిపోయినవి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు పరిశీలించి, బూజునుండి పుట్టిన అఫ్లాటాక్సిన్ అను విషమే కారణమని తేల్చిరి. ఈ విషము ఉడికించినను పూర్తిగా పోదు. బూజు పట్టిన గింజ కుక్కకు కూడ గింజ కాదు, విషము.

ఉల్లిగడ్డ, వెల్లుల్లి కుక్క రక్తమును చెరచును. పచ్చివైనను, కూరలో ఉడికినవైనను ఒకటే. ఆరు కిలోల పిల్లకు 30 గ్రాముల ఉల్లిగడ్డ, అనగా ఒక చిన్నగడ్డ, అపాయకరము కావచ్చును. మిగిలిన కూర, చారు పోయక పోవుటకు ఇదే ముఖ్యకారణము. ద్రాక్ష, ఎండుద్రాక్ష మూత్రపిండములను చెడగొట్టును. ద్రాక్షతోటలవారు రాలినపండ్లను పిల్ల తినకుండ చూడవలెను. చాక్లెట్టు, కాఫీ, కల్లు, సారా పెట్టరాదు. ఉడికిన కోడి ఎముకలు సూదులవలె చీలి పేగులలో గ్రుచ్చుకొనును, వాటిని ఏరివేయవలెను.

బక్కపిల్లను తేర్చుట

వీధిలో దొరకిన పిల్లయో, ఆకలితో చిక్కిన పిల్లయో ఇంటికి వచ్చినప్పుడు జాలిపడి ఒక్కసారిగా గిన్నెడు మాంసము పెట్టెదరు. దీనివలన వాంతులు, విరేచనములు పట్టి పిల్ల ఇంకను క్షీణించును. మొదటి రెండు మూడు రోజులు మెత్తని అన్నము, పెరుగు, ఉడికిన గుడ్డు కొద్దికొద్దిగా ఐదారుసార్లు పెట్టుడు. పశువైద్యశాలకు తీసికొనిపోయి మలపరీక్ష చేయించి నట్టల మందు వేయించుడు. తరువాత దాని బరువునకు తగిన పాళ్ళకు చేర్చుడు. అప్పటికిని బరువు పెరుగకున్నచో నాలుగైదు రోజులకొకసారి పదవవంతు చొప్పున పెంచుడు. మలము గట్టిగా ఉన్నంతవరకే పెంచవలెను. పలుచనైనచో ఒక మెట్టు తగ్గవలెను.

పిల్ల తిండి ముట్టక, వాంతులు చేసికొనుచు, రక్తముతో కూడిన విరేచనములు పోవుచున్నచో అది తిండి లోపము కాదు. పార్వో అను అంటువ్యాధి కావచ్చును. ఆ గంటనే పశువైద్యుని వద్దకు తీసికొనిపోవలెను. ఒక్కరోజు ఆలస్యము ప్రాణాంతకము.

ఎక్కువ పెట్టుట కూడ కీడే

మొయినాబాదు, శంకర్‌పల్లి ప్రాంతపు ఫారములలో లాబ్రడారు, జర్మను షెపర్డు వంటి పెద్దజాతి కుక్కలను పెంచువారు పెరుగుచున్నారు. వీరిలో చాలమందికి పిల్ల త్వరగా లావు కావలెనను కోరిక. యూరియా ఎక్కువ వేసిన వరి ఏపుగా పెరిగి, గింజ పాలుపోసికొను వేళకు పడిపోవును. త్వరగా బరువెక్కిన పెద్దజాతి పిల్ల కూడ అట్లే. లేత కీళ్ళపై మోయలేని బరువు పడి, తుంటికీళ్ళు చెడి, నడక కుంటువడును.

అమెరికాలో 48 లాబ్రడారు పిల్లలను ఎనిమిది వారముల వయస్సునుండి జతలుగా పెంచిరి. ప్రతి జతలోను ఒకదానికి పెట్టినదానిలో నాలుగవవంతు తగ్గించి రెండవదానికి పెట్టిరి. 2002లో వెలువడిన ఫలితములప్రకారము, ఎక్కువ తిన్నవాటి మధ్యస్థ ఆయుస్సు 11.2 సంవత్సరములు, తక్కువ తిన్నవాటిది 13 సంవత్సరములు. కీళ్ళనొప్పులు కూడ వీటికి ఆలస్యముగా వచ్చినవి. ఒకే తల్లి పిల్లలకు తిండి కొలతయే దాదాపు రెండేండ్ల ఆయుస్సు తేడా తెచ్చినది. కనుక చేతిపరీక్షలో ప్రక్కటెముక తగులునంత సన్నగా పెంచుటయే మేలు. దూరపు పరుగులు, ఎత్తునుండి దుమికించుటలు ఏడాది నిండువరకు మానుడు.

టీకాలు

తిండి ఎంత చక్కగా పెట్టినను టీకా లేని పిల్ల క్షేమముగా నున్నట్లు కాదు. పార్వో, డిస్టెంపరు వ్యాధులకు ఆరు నుండి ఎనిమిది వారముల వయస్సులో మొదలుపెట్టి, నాలుగు నెలలు నిండువరకు మూడు నాలుగు వారములకొకసారి టీకా వేయించవలెను. పిచ్చికుక్క వ్యాధి నివారణకు మూడు నెలల వయస్సులో టీకా వేయించి, పశువైద్యుడు చెప్పిన గడువున మరల, అటుపిమ్మట ఏటేట వేయించవలెను. జూలై 6న జరుపు జూనోసిస్ దినమున పశువైద్యశాలలలో ఈ టీకాను ఉచితముగా వేయుట వాడుక. ఎవరినైన కుక్క కరచినచో గాయమును సబ్బుతో, పారు నీటిక్రింద పావుగంటసేపు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోయి టీకాలు వేయించుకొనవలెను. పసరువైద్యమునకు, మంత్రములకు పోయి కాలము వృథా చేయరాదు. వ్యాధి లక్షణములు కనబడిన పిదప మనుష్యుని బ్రతికించుట దాదాపు అసాధ్యము.

గ్రామాధికారులకు ఒక మాట

కోడిమాంసపు దుకాణముల వ్యర్థములు, గొర్రెలను కోసిన చోటి మిగులు ఊరిచివర పడవేసినచో కుక్కలు అచ్చటనే గుంపులు కట్టును. పచ్చిమాంసమునకు అలవడి, నట్టలను ఊరంతట పంచును. ఈ వ్యర్థములను లోతైన గోతిలో సున్నము చల్లి పూడ్పించుట పంచాయతీ చేయదగిన పని. ఏడాదికొకసారి టీకాల రోజు ముందుగా చాటింపు వేయించి, ఊరి కుక్కలన్నిటిని ఒకేరోజున రప్పించినచో పశువైద్యునికి సులువు, ఊరికి రక్ష.

రైతు సోదరులు గుర్తుంచుకొనవలసినవి నాలుగు: నీళ్ళగంజి మాని గట్టి గట్క, దానిలో గుడ్డు, పప్పు లేక మాంసము, పెరుగు, రోజూ కొద్దిగా గుడ్డుపెంకు పొడి, వేళకు నట్టల మందు, వారమునకొకసారి కాంటా. ఈ వారపు సంతనాడు కాంటా ఖాళీగా నున్నప్పుడే మీ పిల్లను తూచి, మొదటి అంకె క్యాలెండరులో వ్రాయుడు. వచ్చేవారము అంకెతో దానిని పోల్చి చూచినచో మీరు పెట్టు తిండి చాలుచున్నదో లేదో మీకే తెలియును.